లెక్క కింద ఏముందో చూడండి

కార్డు మీద మీ పేరు కింద ‘సీనియర్ సిస్టమ్ సేఫ్టీ ఇంజినీర్’ అని పడ్డాక పెద్ద పెద్ద లెక్కలన్నీ ఇక మీ దగ్గరికే వస్తాయని అనుకుంటారు. జరిగేది వేరు. లెక్క కట్టే పని తగ్గిపోతుంది. ఇంకొకరు కట్టిన లెక్కను చదివి, దీన్ని నమ్మవచ్చని సంతకం పెట్టే పని పెరుగుతుంది. కొత్తగా చేరినవాళ్లకు ఫార్ములా ఎక్కడ తప్పుతుందోనని భయం. మీకు ఉండాల్సిన భయం అది కాదు. ఫార్ములా సరిగ్గానే ఉండి, అందులో వేసిన మాట తప్పయితే ఏమిటన్నది మీ భయం. నేను చదివిన ప్రమాద నివేదికల్లో గుణకారం తప్పి కూలిన విమానం ఒక్కటీ లేదు. ఎవరో ఏదో అనుకున్నారు, ఆ అనుకున్నది నిజం కాలేదు. మళ్లీ మళ్లీ కనిపించేది ఇదే. అందుకే ఈ అధ్యాయం మొత్తం ఒకే అలవాటు గురించి: ఏ నంబరు కనిపించినా అది దేనిమీద ఆధారపడిందో అడిగి తెలుసుకోవడం.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని ఈ పని చేసేవాళ్లకు ఈ అలవాటు మరీ అవసరం. విమానం సియాటిల్‌లోనో టూలూజ్‌లోనో తయారవుతుంది. మన దగ్గరికి అందులో ఒక ముక్క వస్తుంది, ఒక బ్రేక్ కంట్రోల్ యూనిటో, ఫ్లాప్ కంప్యూటరో. దాంతోపాటు ఒక ఎక్సెల్ షీటు వస్తుంది. అందులో ‘అసంప్షన్స్’ అని ఒక ట్యాబ్ ఉంటుంది. వాటిని ఎవరు రాశారో, ఏ డిజైన్‌ని చూసి రాశారో చాలాసార్లు ఉండదు. కస్టమర్ ఇచ్చాడు కదా అని కళ్లకద్దుకుని పని మొదలుపెట్టేస్తాం. సీనియర్ మొదట ఆగాల్సింది ఆ ట్యాబ్ దగ్గరే.

ముందు మన రంగంలో అందరి నోళ్లలో నానే ఒక అంకె సంగతి చూద్దాం. విమానాన్నే పోగొట్టేంత తీవ్రమైన పరిస్థితిని ‘కాటాస్ట్రాఫిక్’ అంటాం. అలాంటి ఒక్కో పరిస్థితికి సగటున ఒక ఫ్లైట్ అవర్‌లో వంద కోట్లకు ఒక వంతు కన్నా ఎక్కువ అవకాశం ఉండకూడదు. ఆఫీసులో దీన్ని టెన్ పవర్ మైనస్ నైన్ అంటాం. ఇది ఆకాశం నుంచి ఊడిపడిన అంకె కాదు. నిబంధనలు రాసినవాళ్లు పాత రికార్డులు ముందేసుకుని చూశారు. తీవ్రమైన ప్రమాదం సుమారుగా పది లక్షల గంటలకు ఒకటి జరుగుతోంది. అందులో దాదాపు పదో వంతు సిస్టమ్‌ల లోపాల వల్ల, అంటే కోటి గంటలకు ఒకటి. కొత్త విమానం ఇంతకన్నా అధ్వానంగా ఉండకూడదని గీత గీశారు. ఒక విమానంలో ప్రాణాంతకమైన పరిస్థితులు ఓ వంద ఉంటాయనుకుని, ఆ కోటిని వందతో హెచ్చవేశారు. వంద కోట్లు అలా వచ్చింది. మన పనికి మూలస్తంభమైన అంకెలోనే మూడు అంచనాలు ఉన్నాయన్న మాట. అందులో తప్పేమీ లేదు. వాళ్లు ఆ అంచనాలను దాచలేదు, మార్గదర్శకాల్లోనే బాహాటంగా రాసిపెట్టారు. కాబట్టి ఎవరైనా వాటిని ప్రశ్నించవచ్చు. మీ రిపోర్టు కూడా అలాగే ఉండాలి.

వంద కోట్ల గంటలు పూర్తి కావాలంటే ఒక విమానం రేయింబవళ్లు ఆగకుండా లక్షా పద్నాలుగు వేల ఏళ్లు ఎగరాలి. ఇంత అరుదైనదాన్ని టెస్ట్ చేసి చూపించడం ఎవరి వల్లా కాదు. వాదించి ఒప్పించాల్సిందే. వాదన బలం అంతా మనం ఏమేం నిజమని పెట్టుకున్నామన్న దానిమీదే ఉంటుంది.

ఒక చిన్న లెక్క దగ్గరగా చూద్దాం. ఒక పనికి రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ఒక్కొక్కటి లక్ష గంటలకు ఒకసారి చెడుతుంది. రెండూ ఒకే ప్రయాణంలో చెడితేనే ప్రమాదం. ఫాల్ట్ ట్రీలో యాండ్ గేట్ వేసి హెచ్చవేస్తే, గంట ప్రయాణానికి వెయ్యి కోట్లలో ఒకటి అని వస్తుంది. లక్ష్యం కన్నా పది రెట్లు మెరుగు. రివ్యూలో అందరూ తలూపుతారు, స్లయిడ్ మారుతుంది. మీరు ఆ స్లయిడ్‌ని వెనక్కి తిప్పించి అడగండి. ఈ రెండింటికీ కరెంటు ఏ బస్ నుంచి వస్తోంది? చల్లబరిచే ఫ్యాన్ ఒకటేనా? ఒకే ర్యాక్‌లో పక్కపక్కన ఉన్నాయా? ఆ ర్యాక్ పైన వంటగది నీళ్ల పైపు ఉందా? రెండింటిలో నడిచేది ఒకే సాఫ్ట్‌వేరా? ఒక కంప్యూటర్‌ని పడగొట్టే వంద కారణాల్లో ఒక్కటి రెండోదాన్ని కూడా పడగొట్టిందనుకోండి. వెయ్యి కోట్లకు ఒకటి అనుకున్నది ఒక్కసారిగా కోటికి ఒకటై కూర్చుంటుంది. లక్ష్యానికి వంద రెట్లు దూరం. గుణకారం సరైనదే. ‘రెండూ దేనికది వేరు’ అన్న మాటే తప్పింది. సాఫ్ట్‌వేర్ సంగతి ఇంకా వేరు. దానికి ఇంత శాతం చెడుతుందని నంబరే ఇవ్వం. ఎంత క్రమశిక్షణతో తయారుచేశారన్నది చూసి విమాన సాఫ్ట్‌వేర్ ప్రమాణమైన డీవో-178సీ ప్రకారం ‘ఏ’ నుంచి ‘ఈ’ దాకా లెవెల్ ఇస్తాం. ఎవరైనా ఫాల్ట్ ట్రీలో సాఫ్ట్‌వేర్ పెట్టె కింద ఒక అందమైన అంకె రాసి తెస్తే, అది ఎక్కడిదో కనుక్కునేదాకా కదలకండి.

ఈ లెక్క కాగితం మీది ముచ్చట కాదు. 1989 జులై 19న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232 విమానం డెన్వర్ నుంచి షికాగో వెళ్తోంది. అది డీసీ-10. మూడు ఇంజన్లు, మూడు వేర్వేరు హైడ్రాలిక్ సిస్టమ్‌లు. తోకలో ఉన్న రెండో ఇంజన్ ఫ్యాన్ డిస్క్ పగిలి ముక్కలు చెల్లాచెదురయ్యాయి. ఒక సిస్టమ్ ఆ ఇంజన్ మీదే ఉంది, అది పోయింది. మిగతా రెండింటి పైపులు తోక రెక్కలో ఆ ముక్కలకు అందేంత దగ్గరగా వెళ్తున్నాయి, అవీ తెగాయి. కాగితం మీద మూడు వేర్వేరు సిస్టమ్‌లు. తోక దగ్గర మాత్రం మూడూ ఒకే చోట. మూడూ ఒకేసారి పోవడం అసంభవమని అనుకున్నారు కాబట్టి, అలా జరిగితే ఏం చేయాలో పైలట్ల పుస్తకంలో ఒక్క పేజీ లేదు. కాక్‌పిట్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోలోని మెయింటెనెన్స్ కేంద్రానికి మాట్లాడితే, అక్కడి ఇంజినీర్లు మూడూ పోయాయా అని మళ్లీ మళ్లీ అడిగారు. వాళ్లకు నమ్మకం కుదరలేదు. కెప్టెన్ ఆల్ హేన్స్ బృందం, ప్రయాణికుడిగా వచ్చిన శిక్షకుడు డెన్నీ ఫిచ్, మిగిలిన రెండు ఇంజన్ల శక్తిని హెచ్చిస్తూ తగ్గిస్తూ విమానాన్ని అయోవాలోని సూ సిటీ దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. తర్వాత డీసీ-10లలో, తోక దగ్గర పైపు తెగినా మూడో సిస్టమ్‌లోని ద్రవమంతా కారిపోకుండా ఆపే వాల్వ్ పెట్టారు. వాల్వ్ కొత్త ఆవిష్కరణేం కాదు. ముందే పెట్టగలిగిందే.

అందుకే మన పద్ధతుల్లో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది జోనల్ సేఫ్టీ అనాలిసిస్. ఫాల్ట్ ట్రీ 1962లో బెల్ ల్యాబ్స్‌లో మినిట్‌మన్ క్షిపణి ప్రయోగ వ్యవస్థ కోసం పుట్టింది. గొప్ప పనిముట్టు, కానీ అది చూపించేది తర్కాన్ని. వైరు ఎటు నుంచి వెళ్తోందో చూపించదు. జోనల్ అనాలిసిస్‌లో టార్చ్ పట్టుకుని విమానంలోకి దూరాలి. చక్రాలు ముడుచుకునే గదిలో వైర్ల కట్ట హైడ్రాలిక్ పైపుకు ఎంత దూరంలో ఉంది, క్లాంపు వదులైతే ఆ కట్ట దేనికి రాసుకుంటుంది, టైరు పగిలితే రబ్బరు ముక్క ఎటు కొడుతుంది అన్నవి కళ్లతో చూడాలి. మనలో చాలామందికి ఆ అవకాశం సులువుగా దొరకదు. అయినా అడగండి. డిజిటల్ మాకప్ చూపించమనండి, ఫొటోలు తెప్పించుకోండి, ఏడాదిలో ఒక్క ప్రయాణానికే బడ్జెట్ ఉంటే కాన్ఫరెన్సుకు కాకుండా దీనికి అడగండి. చూసి వచ్చిన ఇంజినీర్ రాసే రిపోర్టు వేరేగా ఉంటుంది.

‘దేనికది వేరు’ అన్నది మొదటి రకం అసంప్షన్. రెండో రకం ఇంకా కనబడకుండా దాక్కుంటుంది. ఒక బ్యాకప్ వాల్వ్ ఉంది. మామూలు రోజుల్లో దానికి పని ఉండదు, చెడిపోయినా ఎవరికీ తెలియదు. లక్ష గంటలకు ఒకసారి చెడుతుంది, వెయ్యి గంటలకోసారి తనిఖీ చేస్తారు. తనిఖీ దగ్గరపడే సమయానికి అది చెడిపోయి ఉండే అవకాశం వందలో ఒకటి. అసలు వాల్వ్ కూడా లక్షకు ఒకటైతే, రెండూ పోయే అవకాశం గంటకు కోటిలో ఒకటి దాకా వెళ్తుంది. ఇప్పుడు ఆ తనిఖీని నాలుగు వేల గంటలకు జరపమని ఎయిర్‌లైన్ అడిగిందనుకోండి. ఖర్చు కోణంలో న్యాయమైన కోరికే. కానీ మీ అంకె నాలుగు రెట్లు చెడుతుంది. అంటే మీరు రిపోర్టులో రాసిన వెయ్యి అన్న సంఖ్య, శంషాబాద్ హ్యాంగర్‌లో రాత్రి షిఫ్టులో ఉన్న టెక్నీషియన్ చేతిలో జాబ్ కార్డుగా మారుతుంది. ఆయనకు మీ ఫాల్ట్ ట్రీ తెలియదు. ఆ తనిఖీని వాయిదా వేయకూడదని ఆయనకు తెలిసేలా చేయడం మీ బాధ్యత. సర్టిఫికేషన్ మెయింటెనెన్స్ రిక్వైర్‌మెంట్‌గా దాన్ని పేరుపెట్టి నమోదు చేయించారా లేదా అన్నది మీ చెక్‌లిస్టులో పై వరుసలో ఉండాలి.

మూడోది మనిషి మీద పెట్టుకునే అసంప్షన్. ‘పైలట్ గుర్తించి సరిదిద్దుతాడు.’ ఎన్ని హజార్డ్ పట్టికల్లో ఈ వాక్యం చదివానో చెప్పలేను. 737 మ్యాక్స్‌లో ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ విమానం ముక్కు మరీ పైకి లేస్తే తోక రెక్కను కదిపి కిందికి దించుతుంది. మొదటి డిజైన్‌లో అది ఒక్కసారికి గరిష్ఠంగా 0.6 డిగ్రీలు కదిపేది, అదీ రెండు రకాల సంకేతాలు కలిస్తేనే. తర్వాత తక్కువ వేగాల్లోనూ పనిచేయాలని విస్తరించారు. కదలిక 2.5 డిగ్రీలకు పెరిగింది, ఒక్క యాంగిల్ ఆఫ్ అటాక్ సెన్సర్ మాట వింటే చాలని అయింది. సెన్సర్ తప్పు చెబుతున్నంత సేపూ, పైలట్ సరిచేసిన కొన్ని సెకన్లకే మళ్లీ ముక్కు దించేది. అది అనవసరంగా పనిచేస్తే తీవ్రత ఎంత అన్నదానికి మామూలు ప్రయాణంలో ‘కాటాస్ట్రాఫిక్’ కన్నా తక్కువైన ‘మేజర్’ అని వేశారు, పైలట్ వెంటనే గుర్తిస్తాడన్న నమ్మకం మీద. సిమ్యులేటర్‌లో పరీక్షించారు కూడా. అయితే ఆ సెన్సర్ చెడితే స్టిక్ షేకర్ మోగుతుంది, రెండు వైపుల వేగం, ఎత్తు మీటర్లు ఒకదానికొకటి పొసగడం లేదన్న హెచ్చరికలు వస్తాయి. ఆ గందరగోళం అంతా కలిపి పరీక్షించలేదని అమెరికా రవాణా భద్రతా బోర్డు 2019 సెప్టెంబర్‌లో ఎత్తిచూపింది. అప్పటికే మ్యాక్స్ విమానాలు కూలి 2018 అక్టోబర్ 29న ఇండొనేసియాలో 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియాలో 157 మంది పోయారు.

మన దేశంలోనూ ఇలాంటి పాఠం ఉంది. 2009 మార్చి 6న బెంగళూరు దగ్గర బిడదిలో సరస్ రెండో నమూనా విమానం కూలి ముగ్గురు వాయుసేన అధికారులు చనిపోయారు. గాలిలో ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసే పరీక్షలో, ఆ స్టార్ట్ చేసే విధానమే సరిగ్గా లేదని విచారణలో తేలింది. విధానం కూడా డిజైన్‌లో భాగమే. దానికీ హజార్డ్ అనాలిసిస్ కావాలి.

వీటన్నిటి నుంచి చేతికందే పని ఒకటి చెబుతాను. మీ ప్రాజెక్టులో అసంప్షన్లకు విడిగా ఒక పట్టిక పెట్టండి. ఒక్కో వరుసలో ఆ మాట, దాన్ని ఎవరు చెప్పారు, ఎవరు రుజువు చేయాలి, ఏ తేదీలోగా, అది తప్పయితే ఏ ఏ పరిస్థితుల తీవ్రత మారుతుంది అన్నవి ఉండాలి. మనిషి పేరు ఉండాలి, విభాగం పేరు కాదు. డిజైన్ మార్పు నోటీసు వచ్చిన ప్రతిసారీ ముందు ఈ పట్టిక తెరవండి, ఫాల్ట్ ట్రీ తర్వాత. 0.6 కాస్తా 2.5 అయిన రోజున తెరవాల్సింది ఇలాంటి పట్టికే. చిన్న మార్పే కదా అనే మాట వినబడితే ఇంకొంచెం జాగ్రత్తగా చదవండి. ‘వ్యాలిడేటెడ్’ అని రాసిన చోట దేనితో అని అడగండి. ‘గత ప్రోగ్రామ్‌లో ఇలాగే చేశాం’ అన్నది రుజువు కాదు, ఆ ప్రోగ్రామ్‌లో విమానం ఇంత వేగంతో, ఇంత ఎత్తులో ఎగిరిందా అన్నది తేలేదాకా.

ఇక అసలు కష్టమైన పని, నోరు విప్పడం. మనకు మొహమాటం ఎక్కువ. రాత్రి తొమ్మిదింటి కాల్‌లో అటువైపు ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న చీఫ్ ఇంజినీర్ ఉంటాడు, ఇటువైపు మన మేనేజర్ గారు ‘ఈ వారం క్లోజ్ చేసేద్దాం’ అని అంటారు. ఆ సమయంలో ‘ఇది సేఫ్ కాదండీ’ అంటే ఎవరూ వినరు, పైగా మీరు గొడవ చేసే మనిషని పేరు వస్తుంది. ఇలా అనండి: ‘సార్, ఈ నంబరు రెండు పంపులకు వేర్వేరు కరెంటు ఉందన్న దానిమీద ఆధారపడింది. డ్రాయింగ్ ప్రకారం రెండూ ఒకే బస్ మీద ఉన్నాయి. ఆ ప్రకారం మనం లక్ష్యానికి వంద రెట్లు దూరంలో ఉన్నాం. డ్రాయింగ్ మారుతుందా, తీవ్రత మారుతుందా, ఈ శుక్రవారంలోగా మీ నిర్ణయం కావాలి.’ ఇందులో ఎవరి మీదా నింద లేదు, భయపెట్టడం లేదు. కాదనాలంటే వాళ్లు ఏదో ఒక వాస్తవాన్ని కాదనాలి. కాల్ అయ్యాక అదే విషయం మెయిల్‌లో పెట్టండి, ఆ రాత్రే.

రాసినంత మాత్రాన సరిపోదని చెప్పే ఉదంతం కూడా మనసులో ఉంచుకోండి. 1972 జూన్ 12న కెనడాలోని విండ్సర్ మీదుగా వెళ్తున్న డీసీ-10 సరుకు తలుపు గాలిలో ఊడింది. క్యాబిన్ నేల కుంగింది, విమానం ఎలాగో దిగింది. ఆ భాగం తయారుచేసిన కాన్వెయిర్ సంస్థలో డాన్ యాపిల్‌గేట్ అనే ఇంజినీరింగ్ డైరెక్టర్ పదిహేను రోజుల్లోనే, జూన్ 27న, పై అధికారికి మెమో రాశాడు. ఈ తలుపులు ముందు ముందు మళ్లీ తెరుచుకుంటాయి, విమానాలు పోతాయి, నేల డిజైన్ మార్చాలి అని స్పష్టంగా రాశాడు. పై అధికారి వాస్తవాలను కాదనలేదు. మార్పు ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్న మీమాంస వచ్చింది. మెమో మెక్‌డానెల్ డగ్లస్‌కు చేరలేదు. 1974 మార్చి 3న పారిస్ దగ్గర టర్కిష్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 తలుపు అలాగే ఊడి 346 మంది చనిపోయారు. యాపిల్‌గేట్ చేయగలిగింది చేశాడు, ఆయన మీద నాకు గౌరవమే ఉంది. కానీ సేఫ్టీ మాట వ్యాపార లెక్కల దారిలో ఒకే ఒక్క తలుపు గుండా వెళ్లాల్సి రాకూడదు. మీ సంస్థలో రెండో దారి ఏదో ముందే తెలుసుకోండి: ఎయిర్‌వర్దీనెస్ ఆఫీసా, స్వతంత్ర సేఫ్టీ రివ్యూ బోర్డా, నియంత్రణ సంస్థ తరఫున సంతకం చేసే అధికారం ఉన్న ఇంజినీరా. పౌర విమానాలకు డీజీసీఏ, సైనిక విమానాలకు సెమిలాక్ ఉన్నాయి. ఆ మనుషులతో పరిచయం మామూలు రోజుల్లోనే పెంచుకోండి. అవసరం పడ్డ రోజున పరిచయం చేసుకోవడం కుదరదు. అన్ని దారులూ మూసుకుంటే సంతకం పెట్టకుండా ఉండే హక్కు మీకుంది. ఎందుకు పెట్టలేదో రాతపూర్వకంగా ఇవ్వండి. ఇది తేలిక కాదని నాకు తెలుసు. ఇంటి లోన్లు, అప్రైజళ్లు అందరికీ ఉంటాయి. అయినా ఆ సంతకానికి విలువ ఉన్నది, దాన్ని పెట్టకుండా ఉండే వీలున్నందుకే.

మీ దగ్గర పనిచేసే పిల్లలకు కూడా ఇదే అలవాటు చేయండి. జూనియర్ అనాలిసిస్ పట్టుకొస్తే అంకె చూడకముందే ‘ఇది తప్పని తేలాలంటే ఏం జరగాలమ్మా?’ అని అడగండి. మొదట్లో తడబడతారు. కొద్ది నెలలకు ఆ జవాబు ముందే రాసుకుని వస్తారు. మీ అసంప్షన్‌నే తప్పుపట్టిన అమ్మాయిని రివ్యూలో అందరి ముందు మెచ్చుకోండి, గదిలోకి పిలిచి కాదు. టీమ్‌లో మిగతావాళ్లు నోరు విప్పేది ఆ తర్వాతే.

విమానం సర్వీసులోకి వెళ్లాక చాలామంది ఫైలు మూసేస్తారు. మీరు మూయకండి. లక్ష గంటలకు ఒకసారి చెడుతుందనుకున్న యూనిట్ నిజంగా ఎన్ని గంటలకు వర్క్‌షాప్‌కు వస్తోందో రిలయబిలిటీ విభాగం దగ్గర లెక్క ఉంటుంది. విప్పి చూసిన టెక్నీషియన్ రాసిన రెండు లైన్లు కూడా ఉంటాయి, వాటిని ఎవరూ చదవరు. ఏడాదికోసారి ఆ లెక్క తెప్పించుకుని మీ అసంప్షన్ల పట్టిక పక్కన పెట్టండి. ముప్పై వేల గంటలకే వస్తుంటే ఆ యూనిట్ ఉన్న ప్రతి ఫాల్ట్ ట్రీనీ తిరిగి కట్టించండి. అంకె లక్ష్యం దాటితే తనిఖీ గడువు తగ్గించమని సవరించిన రిపోర్టుతో పాటే రాసి పంపండి. వచ్చే ఏడాది రివ్యూ దాకా ఆపకండి.